తెల్ల ఏనుగు అంటే ఖరీదైన వస్తువనేనా?

ఖర్చు ఎక్కువయ్యే ప్రతిదాన్నీ తెల్ల ఏనుగు అనవచ్చా అని అడిగారు. అనకూడదు. ఈ తేడా నాకు నిఘంటువు కంటే మా ఇంటి ముందు పదకొండేళ్లు నిలబడిన కారే బాగా నేర్పింది.

మా బావగారు అమెరికా వెళ్తూ తన పొడవాటి కారును మా నాన్నగారికి కానుకగా ఇచ్చారు. తెల్ల రంగుదే, కల్పించడం లేదు. నల్లకుంటలో మా సందు మలుపు దానికి ఒక పట్టాన లొంగేది కాదు. లీటరు పెట్రోలుకు ఏడు కిలోమీటర్లు. ఏ భాగం అరిగినా రాణిగంజ్ దుకాణాలన్నీ తిరగాలి. నాన్నగారు మాత్రం ఆఫీసుకు బస్సులోనే వెళ్లేవారు. అమ్మేద్దామంటే, "ఇచ్చింది అల్లుడు. ఏమనుకుంటాడు?" అనేది అమ్మ.

అసలు కథలోనూ చిక్కు ఇదే. సయాం (నేటి థాయ్‌లాండ్) రాజుకు గిట్టని ఉద్యోగికి తెల్ల ఏనుగు కానుకగా వచ్చేదట. పవిత్రమైనది కనుక పని చేయించకూడదు, రాజు ఇచ్చింది కనుక వదిలించుకోకూడదు, మేపక తప్పదు. దీన్ని చరిత్ర అనడం కన్నా కథ అనడమే సబబు. అక్కడ ఆ జంతువుకున్న గౌరవం మాత్రం నిజం: 1916 వరకు సయాం జెండా మీద ఉన్నది తెల్ల ఏనుగే.

మనకు తెల్ల ఏనుగంటే ఇంద్రుడి ఐరావతం. మామూలు ఏనుగుకైతే "బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే" అని సామెత. కాబట్టి ఈ నింద బయటి నుంచి వచ్చిందే. అయినా "మేపడం" అనే క్రియ తగిలించి మనం దాన్ని సొంతం చేసుకున్నాం: "ఎన్నాళ్లీ తెల్ల ఏనుగును మేపుతారు?" గుదిబండ వేరు. అది కాలికి అడ్డం పడుతుంది, దానికి మర్యాదలేమీ ఉండవు. ఒక్కసారి చేసే వృథా ఖర్చు దుబారా.

ఇంకో మాట. తెల్ల ఏనుగా కాదా అన్నది యజమానిని బట్టి ఉంటుంది. హైదరాబాద్ సంస్థానపు ప్రముఖుడు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఫలక్‌నుమా ప్యాలెస్ ఆయనను అప్పులపాలు చేసి, చివరికి ఆరవ నిజాం చేతికి వెళ్లింది. ఇప్పుడది పేరుమోసిన హోటల్. మా కారును కూడా, బావగారే ఫోనులో "ఇంకా ఉందా అది?" అని నవ్వాక, పెళ్లిళ్లకు బండ్లు అద్దెకిచ్చే ఒకాయన కొన్నాడు. మొన్న మాఘమాసంలో బర్కత్‌పురాలో చూశాను, బంతిపూల దండలతో మెరిసిపోతోంది.