మొదటి అంకె సున్నా ఉన్నదే తీసుకో

అనంతపురం

అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన చేపల తొట్టి ఫోటోలు చూసినాను. అనూబియాస్ మొక్క ముదురాకుల మీద, అద్దం మీద పచ్చటి నాచు చుక్కలు. స్పాంజితో రుద్దితే రావు, బ్లేడుతో గీకాల్సిందే. లైటు బాగా ఇచ్చి, నైట్రేటు, పొటాష్ వేసి, ఫాస్ఫేటు మాత్రం వేయని తొట్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. చేపలు నిండుగా ఉంటే వాటి మేత నుంచే ఫాస్ఫేటు అందేది. నీ 100 లీటర్ల తొట్టిలో చేపలు తక్కువ, మొక్కలు చానా ఎక్కువ.

ఈ ఫాస్ఫేటు కోసం ఖరీదైన సీసా కొనొద్దు. మొక్కల తొట్లకని అమ్మే ఫాస్ఫేటు సీసాల్లో మామూలుగా ఉండేది నీళ్లలో కరిగించిన పొటాషియం ఫాస్ఫేటే. మన ఎరువుల అంగట్లో 0-52-34 అని అడుగు, మోనో పొటాషియం ఫాస్ఫేట్ ఇస్తారు. చీనీ, దానిమ్మ తోటలకు డ్రిప్పులో వదిలేది అదే.

ప్యాకెట్టు మీద మొదటి అంకె చూడకుండా మాత్రం డబ్బులివ్వొద్దు. అది నత్రజని అంకె. 0-52-34 లేకపోతే "12-61-0 తీసుకోండి, ఇందులో భాస్వరం ఇంకా ఎక్కువ" అంటారు. పంటకు ఆ మాట నిజమే, చేపలకు మాత్రం ప్రాణం మీదికొస్తుంది. 12-61-0లో, డీఏపీలో ఉండే నత్రజని అమ్మోనియం రూపంలో ఉంటుంది. మన బోరు నీళ్లలాగా పీహెచ్ 8 దగ్గరున్న నీళ్లలో అందులో కొంత విషపు అమ్మోనియాగా మారుతుంది. 19-19-19 కూడా వద్దు. సూపర్ ఫాస్ఫేటు అన్నిటికంటే చౌకే, కానీ దాంట్లో జిప్సం చానా ఉంటుంది, పూర్తిగా కరగదు. జిప్సం అంటే కాల్షియమే, మనవి అసలే కాల్షియం ఎక్కువున్న గట్టి నీళ్లు.

చిన్న డిజిటల్ కాటా మీద 0-52-34 పొడి 7 గ్రాములు తూచి, తాగేదానికి కొనే క్యాన్ నీళ్లు అర లీటరులో కరిగించు. బోరు నీళ్లు పోస్తే వాటిలోని కాల్షియంతో కలిసి తెల్లగా అడుగున పేరుకోవచ్చు. ఈ ద్రావణం 10 మిల్లీలీటర్లు పోస్తే నీ తొట్టిలో ఫాస్ఫేటు 1 పీపీఎం, అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము పెరుగుతుంది. వారానికోసారి నీళ్లు మార్చిన రోజు అంతే పోసి, మూడు నాలుగు వారాలు కొత్తాకులు చూడు. ఇంకా చుక్కలు పడుతుంటే వారం మధ్యలో ఇంకో 10 మిల్లీలీటర్లు పోయాలి. పాతాకుల మీద చుక్కలు ఎటూ పోవు, బాగా పట్టిన ఆకులు కత్తిరించెయ్.

ఐరన్ ఉన్న మైక్రో (సూక్ష్మపోషకాల) ద్రావణాన్ని ఇదే సీసాలో కలపొద్దు, ఒకే రోజు పోయొద్దు. రెండూ కలిస్తే ఐరన్ ఫాస్ఫేటుగా గడ్డకట్టి మొక్కకు అందకుండా పోతుంది.

కిలో ప్యాకెట్టుతో ఇలాంటి సీసాలు 140 దాకా అవుతాయి. తొట్లు పెట్టిన నీ స్నేహితులకూ తలా కొంచెం పంచు. మిగిలింది తేమ తగలని డబ్బాలో పోసి, పైన పేరు రాసి, వంటింట్లో కాకుండా పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టు. చూసేదానికి అచ్చం ఉప్పే అనిపిస్తుంది.

అమ్మను అడిగినానని చెప్పు.

నీ మామ