సూపర్‌మ్యాన్ బలం లెక్కలేస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం నిన్న రాత్రి కూర్చుని మొత్తం చదివా. సూపర్‌మ్యాన్ మల్టీవర్స్‌కే, అంటే కామిక్స్‌లోని సమాంతర విశ్వాలన్నిటికీ పైన ఉంటాడు, అతన్ని మించినోడు కామిక్స్‌లో లేడు అని నిరూపించడానికి బాగా కష్టపడ్డావ్, కామిక్ పేజీల స్కాన్లు ఓపిగ్గా ఏరావ్, ఆ ప్రేమ నాకు నచ్చింది. కానీ అంత వ్యాసంలో సూపర్‌మ్యాన్ ఎక్కడా కనపళ్ళేదురా. లెవెల్స్ ఉన్నాయి, డైమెన్షన్స్ ఉన్నాయి, ఎవరు ఎవరికంటే పైనో ఉంది, మనిషి మాత్రం లేడు.

ముందు నువ్వు ఏ సూపర్‌మ్యాన్ గురించి మాట్లాడుతున్నావో చెప్పాలి. 1938లో అతన్ని సృష్టించిన సీగెల్, షుస్టర్ తెచ్చినవాడు ఎగరలేడు, ఒక్క గెంతుకి మైలులో ఎనిమిదో వంతు దూకుతాడు, 20 అంతస్తుల బిల్డింగ్ దాటుతాడు, పేలే ఫిరంగి గుండైతే తప్ప అతని చర్మం చీలదు, అంతే. 1960లకొచ్చేసరికి గ్రహాల్నే నెట్టేస్తున్నాడు. 1986లో రచయిత జాన్ బర్న్ మళ్ళీ మొదట్నుంచి రాసి బలం బాగా తగ్గించాడు, అంతరిక్షంలోకి వెళ్ళాలంటే ఊపిరి బిగబట్టుకుని వెళ్ళాలి. ఈ ముగ్గుర్నీ కలిపేసి అందరిలో గొప్ప ఫీట్ (బలం చూపించిన పని) ఒక్కోటి తీసుకుని ఒకడే చేశాడని రాస్తే అలాంటివాడు ఏ కథలోనూ లేడు, నువ్వు తయారుచేసినవాడు.

కాస్మాలజీ, అంటే ఆ కథల్లోని విశ్వాల అమరిక, దాని సంగతీ అంతే. నువ్వు పెట్టిన మ్యాప్ ఉంది చూడు, 52 ప్రపంచాలు, చుట్టూ దేవతల గోళం, దాని బయట ఆ విశ్వాల్ని గమనించే మానిటర్లు, అది 2014లో మల్టీవర్సిటీ సిరీస్‌తో వచ్చింది. అంతకుముందు 1961లో ఫ్లాష్ కామిక్ 123వ సంచికలో రెండు భూములతో మొదలైంది, పెరిగీ పెరిగీ లెక్కలేనన్నయ్యాయి, 1985లో క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్ అనే సిరీస్ మొదలెట్టి అన్నీ తుడిచేసి ఒకే విశ్వం చేశారు, తర్వాత మళ్ళీ 52 వచ్చాయి. ప్రపంచాలు తగ్గినప్పుడల్లా అతని కండ తగ్గలేదు, పెరిగినప్పుడల్లా పెరగలేదు. కాబట్టి 2014 మ్యాప్ తెచ్చి 1986 కథని దాంతో కొలవకు. మ్యాప్ గీసినవాడు తన కథ కోసం గీసుకున్నాడు, ఆ కథ లోపల దానికి విలువుంది, అక్కడ గట్టిగా వాదించు, నేనూ నీ పక్కనే ఉంటా.

ఒకడు ఇంకొకడ్ని కొట్టాడు కాబట్టి ఫలానావాడికంటే పైన అని గొలుసు కడుతున్నావే, దాని మీద నాకు చాలా అభ్యంతరం ఉంది. 1985లో స్పైడర్‌మ్యాన్ ఫైర్‌లార్డ్‌ని స్పృహ తప్పేదాకా కొట్టాడు, ఫైర్‌లార్డ్ అంటే గ్రహాల్ని మింగే గెలాక్టస్ దగ్గర హెరాల్డ్‌గా (దూతగా) చేసినవాడు, మహా బలవంతుడు సిల్వర్ సర్ఫర్ చేసిన పనే. నీ పద్ధతిలో పోతే స్పైడర్‌మ్యాన్ సర్ఫర్‌కి సమానం అయిపోవాలి. కాడు, ఆ కథ చెప్పేది స్పైడర్‌మ్యాన్ ఎంత పట్టుదల మనిషో. 1996లో మార్వెల్, డీసీ రెండు కంపెనీల హీరోలూ కలిసిన క్రాసోవర్‌లో డీసీ లోబోని మార్వెల్ వుల్వరిన్ ఓడించాడు, ఆ ఫైట్ బార్ కౌంటర్ వెనకాల జరిగిపోతుంది, మనకి సరిగ్గా చూపించరు కూడా, ఎందుకంటే గెలుపు పాఠకుల ఓట్లతో తేలింది. దాన్ని బలానికి సాక్ష్యంగా ఎలా పెడతావ్? మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు, సంజీవని కోసం కొండ పెకిలించుకొచ్చిన హనుమంతుడే ఇంద్రజిత్తు వేసిన బ్రహ్మాస్త్రానికి కట్టుబడ్డాడు, రావణుడి ముందుకి వెళ్ళాలి కాబట్టి ఊరుకున్నాడు. ఇంద్రజిత్తు ఆ కొండకంటే బలమైనవాడని మన ఇళ్ళల్లో ఎవరూ లెక్క కట్టరు కదా.

అంకెలు వద్దనట్లేదు. ఆల్‌స్టార్ సూపర్‌మ్యాన్ అనే సిరీస్‌లో 200 క్వింటిలియన్ టన్నులు ఎత్తే సీన్ పెట్టావ్, మంచిదే, లెక్కేస్తే అది రెండున్నర చందమామల పైన బరువు, భూమి బరువులో ఇంచుమించు 30వ వంతు. కానీ ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో రాయలేదే! సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్ళి కొందరిని కాపాడాడు, ఆ వెలుగు మోతాదు మించి ఒంట్లో చేరింది, బలం మూడింతలైంది, కణాలు చచ్చిపోతున్నాయి. అంటే ఆ అంకె అతని మెడికల్ రిపోర్ట్. ఎంత ఎత్తాడో రాసినప్పుడు దాని వెనకున్న చావు కూడా రాయాలి, లేకపోతే సీన్‌లో సగం వదిలేసినట్టే.

ఇంకోటి, నీ వాదనకి అడ్డొచ్చేదాన్ని దాచకు. 1992లో డూమ్స్‌డే అనే రాక్షసుడి చేతిలో సూపర్‌మ్యాన్ చచ్చిపోయాడు, మెట్రోపాలిస్ వీధిలో, పిడిగుద్దులకి. మల్టీవర్స్‌కి పైన ఉండేవాడు పిడిగుద్దులకి ఎలా పోయాడని ఎవరైనా అడుగుతారు, నీ దగ్గర జవాబుండాలి. ఆ సంచికలు మళ్ళీ తియ్యి, పేజీకి నాలుగు బొమ్మలు, తర్వాతి సంచికలో మూడు, తర్వాత రెండు, ఆఖరి సంచికలో పేజీకి ఒక్కటే, పోను పోను ప్రతి దెబ్బా పేజీ అంతా ఆక్రమిస్తుంది, ఒక్కొక్కటి ఎంత బరువుగా పడుతుందో అర్థమవుతుంది. ఏ టియర్ లిస్ట్ (బలం ప్రకారం వరసలు వేసిన పట్టిక) చూసినా నాకు ఆ బరువు తెలీలేదు.

ఇక నీ పెద్ద అస్త్రం, మానిటర్లు కట్టిన, ఆలోచనతో నడిచే ఆ థాట్ రోబో, 2008 ఫైనల్ క్రైసిస్ సిరీస్ నాటిది. నిజంగా అద్భుతమైన కథ, కాస్మాలజీలో అంత పైకి సూపర్‌మ్యాన్ వెళ్ళడం అరుదు, దాన్ని పట్టుకున్నందుకు శభాష్. కానీ అక్కడ పోరాడింది రోబో, దాన్ని నడిపింది అతని మనసు, ఈ తేడా నువ్వు దాటేశావ్. అసలు అతను ఎందుకెళ్ళాడు? డైలీ ప్లానెట్ పత్రిక ఆఫీసు పేలుడులో గాయపడ్డ అతని భార్య లోయిస్ హాస్పిటల్లో ఉంది, తన చూపులోని వేడిని చాలా సన్నగా వాడుతూ ఆమె గుండె ఆగిపోకుండా చూసుకుంటూ మంచం పక్కనే ఉన్నాడు. ఒక గుండె చప్పుడుకీ ఇంకో చప్పుడుకీ మధ్య కాలం ఆపి మానిటర్ ఒకామె అతన్ని తీసుకుపోతుంది. విశ్వాలన్నిటి బయట అంత యుద్ధం చేసి ఆమెని బతికించే మందు చుక్క తీసుకుని వెనక్కొస్తాడు. అంత వేడి కురిపించగల కళ్ళతో ఒక గుండెని కాలకుండా కొట్టించడం, నాకైతే గ్రహాల్ని నెట్టడం కంటే పెద్ద ఫీట్ అది, నీ లిస్ట్‌లో అది లేదు.

కాబట్టి మొదటి నాలుగు పేరాలు తీసెయ్. ఆ హాస్పిటల్ మంచం దగ్గర మొదలుపెట్టు, ఆ ఒక్క కథలో అతని బలం ఎంతో తేల్చు, డూమ్స్‌డే దగ్గరికి వచ్చినప్పుడు తప్పించుకోకుండా జవాబు చెప్పు. రాసి ఆదివారం లోపు పంపగలిగితే వెంటనే చూస్తా, ఈసారి స్కాన్ల కింద సంచిక నంబరూ సంవత్సరమూ వెయ్యి.

మీ అన్న