తడి గుడ్డల లెక్క

చి. అమ్మాయికీ, అబ్బాయికీ ఆశీస్సులు.

పుట్టబోయే బిడ్డకి ఏమేం కొనాలో జాబితా అడిగారు. అది చిన్నదే, ముందు దాని సంగతి తేల్చేద్దాం. మెత్తటి నూలు పొత్తిగుడ్డలు ఓ పదిహేను. కొత్తవైతే రెండుసార్లు ఉతికి బాగా ఆరబెట్టండి. ముందువైపు ముడులుండే చొక్కాలు ఆరు. తలమీంచి తొడిగేవి మొదటి నెల వద్దు, మెడ నిలవని బిడ్డకి అవి తొడిగేసరికి మీకు చెమటలు పడతాయి. రెండు తువ్వాళ్లు, ఒక డిజిటల్ థర్మామీటరు. డైపర్లు వాడదలిస్తే అన్నిటికన్నా చిన్న సైజుది ఒక్క ప్యాకెట్టే తీసుకోండి, కొన్ని వారాలకే అది బిగుతైపోతుంది. పాలసీసాలు, పీకలు, దిండ్లు, పౌడర్లు ఇప్పుడు వద్దు. వీటితోపాటు ఒక నోట్‌బుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను. నా జాబితాలో అన్నిటికన్నా పనికొచ్చేది అదే. ఎందుకో ముందుకెళ్తే తెలుస్తుంది.

గర్భం 36వ వారానికి ఆసుపత్రి సంచి సర్దేసి తలుపు పక్కన పెట్టండి. పరీక్షల ఫైలు, ముందు తెరుచుకునే నైటీలు మూడు, పెద్ద సైజు ప్యాడ్లు, ఫోను ఛార్జరు, బిడ్డకి రెండు జతలు చాలు. అబ్బాయ్, ఒకరోజు రాత్రిపూట ఆసుపత్రిదాకా వెళ్లి చూసిరా. రాత్రి ఏ గేటు తీసి ఉంటుందో, బండి ఎక్కడ ఆపాలో, ఎవరిని పిలవాలో అప్పుడే తెలుసుకో. నొప్పులు పడుతున్న మనిషిని పక్కన పెట్టుకుని మూసిన గేటు ముందు నిలబడకూడదు.

నొప్పుల లెక్కలో చాలామంది పొరబడతారు. ఒక నొప్పి మొదలైన దగ్గర్నించి తర్వాతి నొప్పి మొదలయ్యేదాకా ఉన్న సమయాన్ని లెక్కపెట్టాలి, మధ్యలో ఉన్న ఖాళీని కాదు. తొలిచూలుకి సాధారణంగా అయిదు నిమిషాలకొకటి, ఒక్కోటి నిమిషంపాటు, అలా గంటసేపు క్రమం తప్పకుండా వస్తుంటే బయల్దేరే వేళయినట్టు. నడిస్తే, పక్కకి తిరిగి పడుకుంటే తగ్గిపోయేవి ఉత్తుత్తి నొప్పులు. మీ ఇల్లు దూరమైనా, బీపీ, షుగరు లాంటివేమైనా ఉన్నా మీ డాక్టరు వేరే లెక్క చెబుతారు, అదే పాటించండి.

కొన్నిటికి లెక్కలతో పనిలేదు, వెంటనే వెళ్లిపోవాలి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, తలపోటుతో కళ్లు మసకలు కమ్మినా, బిడ్డ కదలికలు తగ్గినా ఆగొద్దు. ఉమ్మనీరు పోతే టైమూ రంగూ గుర్తుపెట్టుకోండి. ఆకుపచ్చగా గానీ గోధుమరంగులో గానీ ఉంటే బిడ్డ లోపలే విరేచనం చేసిందన్నమాట, ఆ సంగతి ఆసుపత్రిలో అడుగుపెట్టగానే చెప్పాలి. ‘నెలలు నిండాక లోపల చోటు చాలదు, అందుకే కదలదు’ అని ఎవరో ఒకరు అంటారు. తప్పు. కదిలే తీరు మారొచ్చు గానీ కదలడం తగ్గకూడదు.

డాక్టరుని ముందుగానే మూడు సంగతులు అడిగి పెట్టుకోండి. తల్లీబిడ్డా బాగుంటే బొడ్డుతాడు కోయడానికి ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగుతారా? బిడ్డను తుడిచి వెంటనే తల్లి ఛాతీమీద, ఒంటికి ఒళ్లు ఆనేలా పడుకోబెడతారా? విటమిన్ కె ఇంజెక్షను ఇస్తారా? మొదటిదానివల్ల బిడ్డకి రక్తం, ఇనుము అదనంగా అందుతాయి. రెండోదానివల్ల బిడ్డ ఒళ్లు చల్లబడదు, రొమ్ము వెతుక్కోవడం మొదలుపెడుతుంది. మూడోది పుట్టిన కొత్తలో బిడ్డకి రక్తస్రావం కాకుండా ఆపుతుంది. మొదటి గంటలోపే పాలు పట్టించాలి. సిజేరియనైనా ఇది కుదురుతుంది, కాకపోతే పక్కనుండి పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. మొదటి స్నానానికి తొందరలేదు, 24 గంటలు పోనివ్వండి.

ఇక అసలు సంగతి, పాలు. అమ్మాయ్, ఈ భాగం ఒకటికి రెండుసార్లు చదువు.

బిడ్డ పొట్ట నీ పొట్టకి ఆనాలి. తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండాలి. మెడ పక్కకి తిప్పి మంచినీళ్లు మింగి చూడు, మెడ తిరిగిన బిడ్డ ఎందుకు తాగలేదో నీకే తెలుస్తుంది. చనుమొన బిడ్డ ముక్కుకి ఎదురుగా రావాలి, నోటికి ఎదురుగా కాదు. దాంతో పైపెదవిని తాకించి ఆగితే ఆవలించినంత పెద్దగా నోరు తెరుస్తుంది. అప్పుడు బిడ్డనే దగ్గరికి తీసుకో, నువ్వు ముందుకి వంగకు. గడ్డం ముందు తగలాలి. పట్టు కుదిరితే కింది పెదవి బయటికి విచ్చుకుని ఉంటుంది, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం పైన ఎక్కువగా, కింద తక్కువగా కనిపిస్తుంది, బుగ్గలు నిండుగా ఉంటాయి. ముందు గబగబా చప్పరిస్తుంది, పాలు దిగాక నెమ్మదిస్తుంది. చప్పరించడం, మింగడం, కాస్త ఆగడం, మళ్లీ చప్పరించడం. బుగ్గలు సొట్టలు పడి ‘టక్ టక్’మంటుంటే పట్టు జారుతోందని అర్థం.

మొదటి కొన్ని క్షణాలు లాగినట్టుంటే ఫరవాలేదు. ఆ తర్వాత కూడా నొప్పిగా ఉంటే పళ్లు బిగించి ఓర్చుకోవద్దు. శుభ్రమైన చిటికెనవేలు బిడ్డ నోటి మూలలోంచి చిగుళ్ల మధ్యకి పోనిచ్చి పట్టు విడిపించి, మళ్లీ మొదలుపెట్టు. ఊరికే లాగితే చనుమొన చిట్లుతుంది. చిట్లిన చోట మందు రాసుకుంటూ పట్టు సరిదిద్దకపోతే ఆ పుండు మానదు.

24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పట్టాలి. మొదటి రెండు మూడు రోజులు వచ్చేది ముర్రుపాలు. పట్టిన ఒక్కోసారికి చెంచా రెండు చెంచాలే రావచ్చు, అప్పటికి బిడ్డకి కావలసిందీ అంతే. పాలు బాగా పడటం మూడోరోజు అటూఇటుగా మొదలవుతుంది. ఈలోగా రెండో రాత్రి వస్తుంది. బిడ్డ వదలకుండా తాగుతుంది, తీసి పక్కన పడుకోబెడితే ఏడుస్తుంది. చాలా ఇళ్లలో కథ అడ్డం తిరిగేది ఆ రాత్రే. పాలు చాలడం లేదని సీసా అందుకుంటారు. సీసాతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము తక్కువ చప్పరిస్తుంది, తక్కువ చప్పరిస్తే పాలు తక్కువ పడతాయి, అప్పుడు నిజంగానే చాలవు. ఆ రాత్రి బిడ్డ అన్నిసార్లు చప్పరించడంవల్లే మర్నాటికి పాలు పెరుగుతాయి.

మరి నిజంగా చాలడం లేదేమోనన్న అనుమానం ఎలా తీరాలి? ఏడుపుతో తీరదు, రొమ్ము మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నదాంతోనూ తీరదు. దానికే ఆ నోట్‌బుక్కు. అబ్బాయ్, అది నీ చేతిలో ఉండాలి. పాలు పట్టిన ప్రతిసారీ టైము, తడిసిన గుడ్డ మార్చిన ప్రతిసారీ ఒక గీత, విరేచనమైతే దాని రంగు. మొదటిరోజు ఒక్క తడి గుడ్డయినా ఉండాలి, రెండోరోజు రెండు, మూడోరోజు మూడు. అయిదో రోజు దాటాక 24 గంటల్లో ఆరుకి తగ్గకూడదు. విరేచనం మొదట తారులా నల్లగా, జిగటగా ఉంటుంది, మూడు నాలుగు రోజులకి ఆకుపచ్చకి తిరుగుతుంది, అయిదో రోజుకల్లా పసుపుపచ్చగా పలచబడుతుంది. ఈ మార్పు కనిపిస్తే పాలు లోపలికి వెళ్తున్నట్టే. అయిదో రోజుకీ నల్లగానే ఉన్నా, తడి గుడ్డలు తగ్గినా, గుడ్డమీద ఇటుకపొడిలాంటి మరక ఆగకుండా పడుతున్నా ఆరోజే చూపించండి. డైపరు తడిసిందో లేదో తేలకపోతే పొడి డైపరులో మూడు పెద్ద చెంచాల నీళ్లు పోసి చేత్తో తూచి చూడండి, ఆ బరువు గుర్తుండిపోతుంది. ఆడపిల్లయితే మొదటి వారంలో ఒకటి రెండు చుక్కల రక్తం కనిపించొచ్చు. తల్లి హార్మోన్ల ప్రభావమది, కంగారు పడొద్దు.

పుట్టిన తర్వాత బరువు కాస్త తగ్గడం మామూలే. పదిశాతానికి చేరుతుంటే మాత్రం పాలు పట్టే తీరు డాక్టరు చూడాలి. రెండువారాలకల్లా పుట్టినప్పటి బరువుకి వచ్చేస్తుంది. డబ్బాపాలు అవసరమని డాక్టరు చెబితే పట్టండి, అందులో తలదించుకోవాల్సిందేమీ లేదు. కలిపేటప్పుడు మాత్రం డబ్బామీద రాసిన కొలత దాటొద్దు. పలచన చేస్తే బిడ్డ ఎదగదు, చిక్కగా కలిపితే కిడ్నీలమీద భారం. ఏ పాలైనా సరే, ఆరునెలలదాకా విడిగా మంచినీళ్లు అక్కర్లేదు. తేనె ఏడాది నిండేదాకా నాకించొద్దు, అందులో ఉండే ఒక సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం పుట్టిస్తుంది.

కామెర్లు చాలామంది పిల్లలకి రెండు మూడు రోజుల్లో వస్తాయి, వాటంతటవే తగ్గుతాయి. మొదటి 24 గంటల్లోనే పచ్చబడినా, అరచేతులకీ అరికాళ్లకీ పసుపు దిగినా, బిడ్డ పాలకి లేవకుండా పడుకుంటున్నా రక్తపరీక్ష చేయించాలి. ఎండలో పడుకోబెట్టడం వైద్యం కాదు. ఆసుపత్రిలో పెట్టే నీలికాంతి వేరు, ఎండ వేరు. విరేచనం సున్నంలా తెల్లబడితే అది కాలేయం సంగతి, ఒక్కరోజు కూడా ఆగొద్దు.

పడుకోబెట్టడం ఎప్పుడూ వెల్లకిలానే. పగటి కునుకైనా అంతే. పక్క గట్టిగా, సమంగా ఉండాలి. దిండు, బొంత, బొమ్మ, పక్కచుట్టూ మెత్తలు ఏవీ వద్దు, అవి ముక్కుకి అడ్డంపడితే తోసేసుకునే బలం బిడ్డకి లేదు. మీ గదిలోనే, మీకు చేయందేంత దూరంలో, తన పక్కమీద తను పడుకోవాలి. పాలిస్తూ సోఫాలో నిద్రపోవడం అన్నిటికన్నా ప్రమాదం. కళ్లు మూతపడుతున్నాయంటే బిడ్డను అబ్బాయి చేతికిచ్చెయ్.

బొడ్డుకి ఏమీ రాయకండి, పొడిగా వదిలేయండి, డైపరు దానికి కిందుగా కట్టండి. సాధారణంగా వారం పదిరోజుల్లో, ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యంగా రాలిపోతుంది. చుట్టూ ఎర్రబడినా, వాసన వచ్చినా, చీము కారినా చూపించాలి.

ఏడుపు రెండువారాలకి పెరిగి, ఆరోవారం ప్రాంతంలో గరిష్ఠానికి చేరి, మూడు నాలుగు నెలలకి దిగిపోతుంది. పాలు, తడి, వేడి, చలి, తేన్పు అన్నీ చూశాక కూడా ఆగకపోతే అది మీ తప్పు కాదు. ఓపిక నశిస్తే బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి పదినిమిషాలు పక్కగదిలోకి వెళ్లండి. ఎంత కోపంలోనైనా కుదపకూడదు, ఆ కుదుపుకి మెదడులో రక్తనాళాలు చిట్లుతాయి.

అమ్మాయ్, నీ సంగతి. రక్తస్రావం నాలుగైదు వారాలదాకా తగ్గుతూ ఉంటుంది. గంటకో ప్యాడ్ నిండిపోతున్నా, 38 డిగ్రీల సెల్సియస్ జ్వరమున్నా, ఒక పిక్క వాచి నొప్పి పుట్టినా, తలపోటు వదలకపోయినా రాత్రీపగలూ చూడకుండా వెళ్లాలి. బీపీ కాన్పు తర్వాత కూడా పెరగొచ్చు. మూడు నాలుగు రోజులకి కారణం లేకుండా ఏడుపొస్తుంది, రెండువారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోయినా, బిడ్డ మీదా బతుకు మీదా ఆసక్తి పోతున్నా అది జబ్బు, వైద్యం ఉంది. అబ్బాయ్, అది నువ్వే ముందు కనిపెట్టాలి, ఎందుకంటే తను చెప్పదు. పాలివ్వడం ఒక్కటే నీవల్ల కాని పని. తేన్పించడం, గుడ్డలు, స్నానం, చూడ్డానికొచ్చినవాళ్ల చేతులు కడిగించడం, దగ్గుతున్నవాళ్లని గుమ్మం దగ్గరే ఆపడం నీ వంతు. మాటొస్తే నీ మీదికే రానీ.

బిడ్డకి మూడునెలలు నిండేదాకా 38 డిగ్రీల జ్వరం వస్తే ఇంట్లో మందువేసి ఎదురుచూడొద్దు. ఒళ్లు 36.5 కన్నా చల్లబడితే ఛాతీకి హత్తుకుని కప్పండి, అరగంటలో వెచ్చబడకపోతే బయల్దేరండి. ఊపిరి కూడా నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. ఏడవకుండా ప్రశాంతంగా పడుకున్నప్పుడు 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నా, డొక్కలు లోపలికి పోతున్నా, మూర్ఛ వచ్చినా, లేపినా పాలు తాగకపోయినా అంతే.

ఇంటికొచ్చిన రెండు మూడు రోజుల్లో బిడ్డను ఒకసారి డాక్టరుకి చూపించాలి. ఎన్నిసార్లు తాగుతోంది, ఎన్నిసార్లు తడుపుతోంది అని అడుగుతారు. నిద్రలేని మొహాలతో మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునే బదులు నోట్‌బుక్కు తీసి టేబుల్ మీద పెట్టండి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ