ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ మోడల్ రైళ్లు: ఏ డిజిటల్ కంట్రోల్ సిస్టమ్ తీసుకోవాలి?

మీ ప్రశ్న నాకర్థమైనంతవరకు ఇది: చిన్నప్పటి హార్న్‌బీ (బ్రిటిష్ మోడల్ రైళ్ల కంపెనీ) సెట్‌ని, రెండు ఇంజన్లు, ఆరు బోగీలతో సహా ఇరవై ఏళ్ల తర్వాత అటక మీంచి దించారు. హైదరాబాద్‌లో మీ ఇంట్లో ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న బల్లకి చోటుంది. మీరూ మీ అబ్బాయీ ఒకే పట్టాల మీద చెరో బండి నడపాలి. రోకో వాళ్ల జెడ్21, ఎన్‌సీఈ పవర్ క్యాబ్, సొంతంగా తయారు చేసుకునే డీసీసీ-ఈఎక్స్, ఈ మూడింట్లో ఏది కొనాలో తేలడం లేదు.

బండి నడిపేటప్పుడు చేతిలో ఏం పట్టుకోవాలని ఉందో ముందు తేల్చుకోండి. ఫోనా, తిప్పే నాబ్ ఉన్న కంట్రోలరా? పెట్టె మీద రాసిన ఫీచర్లు ఆ తర్వాత చూడొచ్చు. నేను దీన్ని తలకిందులుగా చేసి ఒక ఏడాది పోగొట్టుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను అమెరికాలో ఒహాయోలో ఉండగా 2003లో ఒక హెచ్‌ఓ సెట్ (అసలు రైలులో 87వ వంతు సైజు) కొన్నాను. ఇండియాకి తిరిగొచ్చాక అది పదేళ్లు డబ్బాల్లోనే ఉండిపోయింది. 2021లో మళ్లీ బయటికి తీశాను. అప్పటికి నాన్న మా దగ్గరే ఉంటున్నారు. ఆయన కాజీపేటలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు, ఏళ్ల తరబడి డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ నడిపిన మనిషి. ఫోన్‌తో నడిపే ఏర్పాటు సిద్ధం చేసి ఎంతో సంబరంగా ఆయన చేతికిచ్చాను. తెర మీద వేలు పైకీ కిందికీ రెండు నిమిషాలు జరిపి, ఫోన్ బల్ల మీద పెట్టేశారు. "చేతికి నాచ్ తెలుస్తలేదురా" అన్నారు. ఆ ఇంజన్ల థ్రాటిల్‌కి ఎనిమిది నాచ్‌లుంటాయి. ఒక్కోటీ చేతికి తగులుతుంది, డ్రైవర్ కళ్లు మాత్రం పట్టాల మీదే ఉంటాయి. ఫోన్‌తో అయితే బండిని వదిలేసి తెరని చూస్తూ కూర్చోవాలి. ఆ మాట నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

ఇక డిజిటల్ అంటే ఏమిటో క్లుప్తంగా. మీ పాత డీసీ కంట్రోలర్ పట్టాలకి ఎంత వోల్టేజీ పంపితే ఇంజన్ అంత వేగంగా వెళ్తుంది. అందుకే ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కలిసే కదులుతాయి. డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్‌లో, పట్టాల మీద దాదాపు 15 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. ఆ కరెంటు దిశ క్షణక్షణం మారుతుంటుంది, ఆ మార్పుల్లోనే సందేశం ఉంటుంది. పొట్టి పల్స్, అంటే 58 మైక్రోసెకన్లది 1. పొడుగు పల్స్, 100 మైక్రోసెకన్లది 0. స్టేషన్‌లో మైకు అందరికీ వినిపించినా తమ బండి నంబర్ విన్నవాళ్లే లేచి నిలబడతారు చూడండి, ఇదీ అంతే. ఇంజన్‌లో పెట్టే చిన్న సర్క్యూట్, డీకోడర్, తన నంబర్ వచ్చినప్పుడే పలుకుతుంది. కొత్త డీకోడర్ నంబర్ మామూలుగా 3 ఉంటుంది, రెండో ఇంజన్‌కి వేరే నంబర్ ఇచ్చుకోవాలి.

ఈ పద్ధతికి మూలం జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ. అమెరికాలోని మోడల్ రైల్‌రోడ్ సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ దాన్ని 1990లలో అందరికీ ప్రమాణంగా ఖాయం చేసింది. అందుకే డీకోడర్ ఏ కంపెనీదైనా ఏ డీసీసీ సిస్టమ్‌తోనైనా నడుస్తుంది. చేతి కంట్రోలర్ల సంగతి అలా కాదు. వాటిని కలిపే వైరింగ్ ఒక్కో కంపెనీకి ఒక్కో రకం: డిజిట్రాక్స్‌ది లోకోనెట్, లెంజ్‌ది ఎక్స్‌ప్రెస్‌నెట్, ఎన్‌సీఈది దాని సొంత క్యాబ్ బస్. మీ అబ్బాయి కోసం రేపు రెండో కంట్రోలర్ కొనాలంటే అదే కుటుంబంలోంచి కొనాలి. మీరు ఇప్పుడు తేల్చుకునేది నిజానికి దీన్నే.

జెడ్21 ఫోన్‌తోనూ టాబ్లెట్‌తోనూ బాగా నడుస్తుంది, నాబ్ ఉన్న మల్టీమౌస్ కంట్రోలర్ కూడా తగిలించుకోవచ్చు. తెల్ల రంగు z21 స్టార్ట్ తక్కువ ధరకి కనిపిస్తే ఒక మాట గుర్తుంచుకోండి: దాన్ని వైఫైతో నడపాలంటే రౌటర్, అన్‌లాక్ కోడ్ విడిగా కొనాలి. పవర్ క్యాబ్‌లో చేతిలోని కంట్రోలరే మొత్తం సిస్టమ్. బొటనవేలితో తిప్పే చక్రం ఉంది, బటన్లున్నాయి, తెర మీద అడిగే ప్రశ్నలకి జవాబిస్తూ పోతే ఇంజన్ నంబర్ మారిపోతుంది. రెండు ఆంపియర్ల దాకా ఇస్తుంది, మీ రెండు బళ్లకి అది ధారాళం. దాని ఇబ్బంది ఒక్కటే. కేబుల్ పీకి బల్లకి అటువైపు వెళ్దామంటే బళ్లు ఆగిపోతాయి, అలా తిరగాలంటే పట్టాలకి కరెంటిచ్చే బూస్టర్ అనే పెట్టె విడిగా కావాలి.

నేను చివరికి నిలిచింది డీసీసీ-ఈఎక్స్ దగ్గర. ఆర్డుయినో మెగా అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద, పట్టాలకి కరెంటు పంపే మోటార్ షీల్డ్ బోర్డు ఎక్కించి, వాళ్లు ఉచితంగా ఇచ్చే ప్రోగ్రాం లోడ్ చేస్తే సరిపోతుంది. ఇలాంటి సామాన్ల కోసం నేను కోఠిలో గుజరాతీ గల్లీ తిరుగుతాను. ఒక్క విషయంలో మాత్రం తొందరపడకండి. మోటార్ షీల్డ్ అడుగున 'విన్ కనెక్ట్' అని సన్నటి రాగి గీత ఉంటుంది, పదునైన బ్లేడుతో దాన్ని కోసేయాలి. కోయకపోతే పట్టాల కోసం ఇచ్చిన 15 వోల్టులు ఆర్డుయినోలోకి కూడా వెళ్లి బోర్డు వేడెక్కి చెడిపోతుంది. కోశాక మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి రెండు వైపులా తాకించండి, బీప్ రాకూడదు.

నాన్న కోసం 2022లో విట్‌కంట్రోలర్ అనే ఉచిత ప్రాజెక్టు చూసి, ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డుతో వైర్‌లెస్ నాబ్ తయారు చేశాను. దానిలోని తిప్పే భాగం, ఎన్‌కోడర్, తిప్పుతుంటే మెట్టు మెట్టుకీ టక్కుమంటూ వేలికి తగులుతుంది. ఆయన నాలుగు మెట్లు తిప్పి, కాసేపాగి, ఇంకో రెండు తిప్పారు. అప్పుడు కూడా పెదవి విరిచారు: "ఇరవై నాలుగు బోగీల బండి గట్ల దూకదు బిడ్డా." అది డీకోడర్‌లో సీవీలు అనే నంబరున్న సెట్టింగుల్లో సరిచేసుకునే విషయం. సీవీ 3 అంటే వేగం అందుకునే తీరు, సీవీ 4 అంటే వేగం తగ్గే తీరు. సీవీ 3లో 20 పెడితే ప్రమాణం ప్రకారం ఆగి ఉన్న ఇంజన్ పూర్తి వేగం అందుకోవడానికి దాదాపు 18 సెకన్లు పడుతుంది. అలా పెట్టాక ఆయన మరి ఆ నాబ్ నాకివ్వలేదు. మీరు కూడా వీటిని మార్చి చూడండి, ఇంజన్‌కి బరువొచ్చినట్టే ఉంటుంది.

మీరు ఏది కొన్నా ముందుగా చూడాల్సింది మీ పాత ఇంజన్లనే. ఆ కాలం ఇంజన్లు కొన్నింటిలో మోటార్ బ్రష్ (మోటార్‌కి కరెంటు అందించే ముక్క) ఒకటి లోహపు చట్రానికి కలిసే ఉంటుంది. ఆ బంధం తెంచకుండా డీకోడర్ పెడితే కరెంటు ఇవ్వగానే అది కాలిపోతుంది. పై తొడుగు తీసి, మల్టీమీటర్ ముల్లు ఒకటి బ్రష్ మీద, ఇంకోటి చట్రం మీద, తర్వాత ఒక్కో చక్రం మీద పెట్టి చూడండి. ఎక్కడ బీప్ వచ్చినా ముందు ఆ బంధం తెంచాలి. డీకోడర్ వైర్ల రంగులు ప్రమాణం పాటించే ఏ కంపెనీకైనా ఒకటే: ఎరుపు, నలుపు పట్టాల నుంచి వచ్చేవి. నారింజ, బూడిద రంగులు మోటార్‌కి వెళ్లేవి. డీకోడర్ లేని ఇంజన్‌ని మాత్రం డీసీసీ పట్టాల మీద ఊరికే కూడా నిలబెట్టకండి, గుయ్‌మంటూనే మోటార్ వేడెక్కిపోతుంది.

విదేశాల నుంచి తెప్పిస్తే అడాప్టర్ వెనక చీటీ చదవండి. ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులని ఉంటేనే మన ప్లగ్గులో పెట్టండి. నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న అమెరికా సిస్టమ్ అడాప్టర్ 120 వోల్టులకే చేసింది. చూసుకోకుండా పెట్టాను. సన్నటి పొగ, వార్నిష్ వాసన, అంతే పోయింది. ఇంట్లో పిల్లలు కూడా ప్లగ్గులు పెడతారు కాబట్టి, ఇది చదివాకైనా అన్ని అడాప్టర్ల మీదా మార్కర్‌తో రాసి ఉంచండి.

వైరింగ్‌కి బద్ధకించొద్దు. పట్టా ముక్కల్ని కలిపే జాయినర్ల మీద ఆధారపడకుండా, బల్ల కింద రెండు లావు వైర్లు లాగి, మూడడుగులకోసారి పైకి సన్న వైరు తీసుకుని పట్టాకి టంకం పెట్టండి. అయ్యాక సిస్టమ్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న చోట రెండు పట్టాల మీదా అడ్డంగా ఒక రూపాయి బిళ్ల పెట్టండి. సిస్టమ్ వెంటనే ట్రిప్ అవ్వాలి. అవ్వకపోతే బిళ్ల తీసేసి వైర్లు మార్చండి, ఎందుకంటే బండి పట్టా తప్పి షార్ట్ అయిన రోజు ఆ కరెంటంతా ఇంజన్ చక్రాల్లోంచి పారుతుంది. మా ఇంట్లో ఫ్యాన్ గాలికి దుమ్ము రెండు రోజులకే పట్టాల మీద పేరుకుంటుంది. మెత్తటి గుడ్డ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి తుడుస్తాను. గరుకు కాగితంతో రుద్దితే పడే గీతల్లో ఇంకా ఎక్కువ మురికి చేరుతుంది.

మీ సంగతికొస్తే, మీకు టంకం పెట్టడం అలవాటుంటే డీసీసీ-ఈఎక్స్ తీసుకోండి, అబ్బాయితో కలిసి తయారు చేయండి. అలవాటు లేదు, వచ్చే ఆదివారానికే బండి కదలాలి అంటే పవర్ క్యాబ్. పిల్లవాడు టాబ్లెట్‌తోనే నడుపుతానంటే జెడ్21, కానీ మీ కోసం ఒక మల్టీమౌస్ కూడా లెక్కలో వేసుకోండి. కొనే ముందు ఆ రెండు ఇంజన్ల అడుగున ఉన్న నంబర్లు, తొడుగు తీశాక మోటార్ ఫొటో ఇక్కడ పెట్టండి. లోపల డీకోడర్‌కి చోటుందో లేదో, బ్రష్ ఎక్కడ తెంచాలో చూసి చెబుతాను.