“ఆమెను చూస్తే జాలేసింది” అనడం నేరమెలా అయింది?

హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ మీ ఎం.ఏ. సిలబస్‌లో ఉందనీ, జాతి వివక్ష అనగానే గైడ్లన్నీ టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి యువకుడి కేసునూ అతని తరఫు లాయరు అటికస్ ఫించ్ వాదననూ చెప్పి ఊరుకుంటున్నాయనీ, అంతకు మించి రాయవలసినది ఏమైనా ఉందా అనీ అడిగారు. ఉంది. నేను ఈ నవలను పాతికేళ్ళ ఎడంతో రెండుసార్లు చదివాను. మొదటిసారి గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో, రెండోసారి అట్లాంటాలో మా అమ్మాయి తొమ్మిదో తరగతి పాఠంగా ఇంటికి తెచ్చినప్పుడు. మొదటిసారి నేనూ మీ గైడ్లలాగే చదివాను: మంచి లాయరు, చెడ్డ ఊరు, అన్యాయపు తీర్పు. రెండోసారి 19వ అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మీ జవాబుకు పనికొస్తుందనుకుంటున్నది ఆ వాక్యమే.

కేసు సంగతి క్లుప్తంగా చెబుతాను. 1935 వేసవి, అమెరికాలోని అలబామా రాష్ట్రంలో మేకోంబ్ అనే కల్పిత పట్టణం. మేయెల్లా యూయెల్ అనే తెల్ల యువతిని బలాత్కరించాడని టామ్ మీద ఆరోపణ. ఆమె దెబ్బలు ఎక్కువగా ముఖానికి కుడివైపు ఉన్నాయి. ఆమె తండ్రి బాబ్ యూయెల్‌ది ఎడమచేతి వాటం. టామ్ ఎడమ చెయ్యి చిన్నప్పుడు పత్తి జిన్నింగ్ మరలో పడి ఎందుకూ కొరగాకుండా పోయింది. కొట్టింది ఎవరో కోర్టులో కూర్చున్న పిల్లలకే అర్థమైపోతుంది, అయినా జ్యూరీ టామ్‌నే దోషి అంటుంది. పరీక్షలో అందరూ రాసేది ఈ ఎడమచేతి తర్కమే కాబట్టి దాని మీద ఇంకా సిరా ఖర్చు చేయకండి.

టామ్‌ను నిజంగా ముంచింది సాక్ష్యం కాదు, అతని నోటినుంచి వచ్చిన ఒక మాట. పొలానికి వెళ్తూ వస్తూ యూయెల్ ఇంటి ముందునుంచి నడిచే టామ్‌ను మేయెల్లా చిన్నచిన్న పనులకు పిలిచేది, అతను డబ్బు తీసుకోకుండా చేసిపెట్టేవాడు. పైసా ఆశించకుండా అంత పని ఎందుకు చేశావని ప్రాసిక్యూటర్ గిల్మర్ గుచ్చిగుచ్చి అడిగితే, ఆమెను చూస్తే జాలేసిందనీ, ఆ ఇంట్లో మిగతావాళ్ళకంటే ఆమే ఎక్కువ కష్టపడుతున్నట్టు కనిపించిందనీ టామ్ అంటాడు. గిల్మర్ ఆ మాటనే పట్టుకుని రెట్టిస్తాడు: నీకు జాలేసిందా, ఆమె మీద నీకు జాలేసిందా? పొరపాటు జరిగిందని టామ్‌కు వెంటనే తెలుస్తుంది, కానీ అప్పటికే ఆలస్యమైంది. కింద కూర్చున్న తెల్లవాళ్ళెవరికీ ఆ జవాబు నచ్చలేదని, బాల్కనీనుంచి చూస్తున్న అటికస్ కూతురు స్కౌట్ (కథ చెప్పేది ఈమే) గమనిస్తుంది. మేయెల్లా చెత్తకుప్ప పక్కన బతికే మనిషి, తోబుట్టువులను ఐస్‌క్రీముకు పంపడానికి ఏడాదిపాటు నాణేలు కూడబెట్టుకున్న మనిషి. ఆ ఊళ్ళో ఆమెకు మిగిలిన ఆస్తి ఒక్క తెల్లదనమే. ఒక నల్లవాడు ఆమె మీద జాలిపడితే ఆ ఒక్కటీ పోయినట్టే.

నాకు ఆ వాక్యం ఎందుకు తగిలిందో చెప్పాలంటే మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మాది తెనాలి దగ్గర పల్లె. మా తాతయ్య పోయిన పదకొండో రోజున, మా పొలం పనులు చూసే పెద్దాయన వాకిట్లో నిలబడి, “అమ్మగారిని ఇట్టా చూస్తుంటే జాలేస్తందయ్యా” అన్నాడు. ఆయన మా ఇంట్లో మంచినీళ్ళు దోసిలి పట్టి తాగేవాడు, ఎత్తునుంచి పోసేవారు. మా బాబాయి గుమ్మం దగ్గరినుంచే, “నువ్వేంట్రా మా అమ్మ మీద జాలిపడేది?” అన్నాడు. పెద్దాయన తలపాగా సర్దుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు పదేళ్ళు. ఆ కసురు కోపమో దుఃఖమో తేల్చుకోలేకపోయాను, టామ్ బోనులో అసౌకర్యంగా కదిలిన పేరా చదివాక తేలింది. కులమూ అమెరికాలోని జాతి వివక్షా ఒకటేనని మీ జవాబులో రాయకండి. రెండింటి చరిత్రలు వేరు, చట్టాలు వేరు, టామ్‌కు పడిన శిక్షా వేరు. జాలి పైనుంచి కిందికే ప్రవహించాలన్న నియమం మాత్రం నాకు ముందే తెలిసినది.

ఈ నియమానికి అప్పట్లో చట్టపు దన్ను కూడా ఉందని మరచిపోకూడదు. నవల వచ్చిన 1960 నాటికి తెల్లవారికీ నల్లవారికీ మధ్య వివాహాన్ని అలబామా రాజ్యాంగమే నిషేధించింది. దేశమంతటా అటువంటి చట్టాలు చెల్లవని సుప్రీంకోర్టు 1967లో చెప్పినా, అలబామా రాజ్యాంగంలోని ఆ వాక్యాన్ని ఓటర్లు తీసివేసింది 2000లో. మేయెల్లాయే ముందుగా టామ్‌ను ముద్దు పెట్టుకుందన్న సంగతి బయటపడకుండా ఉండేందుకు ఒక మనిషి ప్రాణం ఎందుకు పోవలసి వచ్చిందో ఆ నేపథ్యంలో చూస్తే తెలుస్తుంది. అదే అలబామాలో 1931లో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ళ మీద రైలులో ఇద్దరు తెల్ల యువతులను బలాత్కరించారని స్కాట్స్‌బొరో కేసు నడిచింది. అందరూ తెల్లవారే ఉన్న జ్యూరీలు కొద్దిరోజుల్లోనే ఎనిమిదిమందికి మరణశిక్ష వేశాయి. ఆ ఇద్దరిలో రూబీ బేట్స్ 1933లో కోర్టుకు వచ్చి అటువంటిదేదీ జరగలేదని చెప్పినా జ్యూరీ మళ్ళీ దోషి అనే అన్నది. ఆ తీర్పును కొట్టేసిన జడ్జి జేమ్స్ హోర్టన్ తరువాతి ఎన్నికలో ఓడిపోయాడు. మేకోంబ్ జ్యూరీ గదిలో జరిగినది రచయిత్రి అతిశయోక్తి అని ఎవరైనా వాదిస్తే ఈ ఒక్క కేసు చాలు.

ఇక ద్వేషమంతా బాబ్ యూయెల్‌లాంటి తాగుబోతుల దగ్గరే ఉందనుకుంటే నవలలో సగం జారిపోతుంది. 26వ అధ్యాయంలో మిస్ గేట్స్ అనే టీచరు, హిట్లర్ యూదులను హింసిస్తున్నాడని పిల్లలకు చెబుతూ, మన దేశంలో ఎవరినీ హింసించమని గర్వంగా అంటుంది. అదే టీచరు విచారణ జరిగిన రాత్రి కోర్టు మెట్లు దిగుతూ, వీళ్ళకు ఎవరో ఒకరు బుద్ధి చెప్పాల్సిందే, రేపు మనల్నే పెళ్ళాడతామంటారు అన్నది స్కౌట్‌కు గుర్తుంది. 24వ అధ్యాయంలో మిషనరీ సంఘపు స్త్రీలు ఆఫ్రికాలోని మ్రూనా తెగ కష్టాలకు కన్నీరు పెడుతూనే, తీర్పు తరువాత తమ ఇళ్ళలో నల్ల పనివాళ్ళు ముఖాలు మాడ్చుకుని ఉంటున్నారని విసుక్కుంటారు. (కాఫీ, కేకులు నడుస్తుండగానే సాగే ఆ సంభాషణ నవల మొత్తంలో నాకు అన్నిటికంటే భయం కలిగించిన చోటు.) స్కౌట్ కూడా దీనికి అతీతం కాదు. గిల్మర్ టామ్‌తో మాట్లాడిన తీరుకు ఆమె స్నేహితుడు డిల్ తట్టుకోలేక ఏడుస్తుంటే, ఎంతైనా అతను నల్లవాడే కదా అని ఓదార్చేది ఆమే. గైడ్లు ఈ మాటను దాటవేస్తాయి.

మా అమ్మాయి చదవడం పూర్తయ్యాక మేము నాలుగు గంటలపైగా కారు నడిపి, హార్పర్ లీ పుట్టిపెరిగిన మన్రోవిల్‌కు వెళ్ళాము. అక్కడి పాత కోర్టు ఇప్పుడు మ్యూజియం. 1962 నాటి సినిమాలో కోర్టు సెట్టును దాన్ని చూసే కట్టారు. బాల్కనీకి వెళ్ళి కూర్చున్నాము. అక్కడినుంచి చూస్తే కింద మనుషుల ముఖాలకంటే నడినెత్తులు ఎక్కువ కనిపిస్తాయి. నవలలో నల్లవారి చర్చి పాస్టరు రెవరెండ్ సైక్స్ పిల్లలను తెచ్చి కూర్చోబెట్టుకునేది నల్లవారికి కేటాయించిన అటువంటి బాల్కనీలోనే. మా అమ్మాయి రెయిలింగు మీద గడ్డం ఆనించి, “అయితే కథ బాల్కనీనుంచి చెబుతున్నారు కానీ, బాల్కనీలో వాళ్ళు చెప్పట్లేదు కదా నాన్నా” అన్నది. నవలకు ఉన్న పరిమితిని నేను అంతకంటే బాగా చెప్పలేను. అటికస్‌ను దేవుడిని చేసేముందు 2015లో వచ్చిన హార్పర్ లీ మరో నవల ‘గో సెట్ ఎ వాచ్‌మన్’ కూడా తిరగేయండి. అందులో ఆయన జాతి విభజనను సమర్థించే సిటిజన్స్ కౌన్సిల్ సమావేశంలో కూర్చుని ఉంటాడు.

చివరగా 27వ అధ్యాయంలో ఒక చిన్న పేరా మీరు తప్పక చూడాలి. టామ్‌ను జైలు కాపలాదారులు కాల్చి చంపాక అతని భార్య హెలెన్‌కు పని దొరుకుతుంది, కానీ యూయెల్ ఇంటి ముందునుంచి వెళ్తే వాళ్ళు వేధిస్తారని ఆమె రోజూ దాదాపు మైలు దూరం చుట్టుతిరిగి పనికి వెళ్తుంది. పని ఇచ్చిన లింక్ డీస్ కనిపెట్టేదాకా ఎవరికీ చెప్పదు. తీర్పు 21వ అధ్యాయంలోనే వచ్చేసింది. నేనైతే జవాబును హెలెన్ నడిచిన ఆ మైలు దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తాను.