సీలియాక్ ఉన్న అమ్మాయికి అమెరికా కాలేజీలో మీల్ ప్లాన్ తప్పదా?

ప్రశ్న: మాది హైదరాబాద్. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. తొమ్మిదో తరగతిలో ఉండగా సీలియాక్ వ్యాధి (గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) అని తేలింది. అప్పటి నుంచి మా ఇంట్లో గోధుమ పిండి అడుగుపెట్టలేదు. అమెరికాలో మూడు యూనివర్సిటీల్లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి సీటు వచ్చింది. మే 1లోగా ఒకదానికి డిపాజిట్ కట్టాలి. మూడింటిలోనూ మొదటి ఏడాది డార్మ్‌లోనే (కాలేజీ హాస్టల్‌లోనే) ఉండాలి, మీల్ ప్లాన్ (కాలేజీ డైనింగ్ హాల్ భోజనానికి ముందే డబ్బు కట్టే పద్ధతి) తీసుకోవాల్సిందే అంటున్నారు. తను తినలేని తిండికి వేల డాలర్లు ఎందుకు కట్టాలి? మినహాయింపు అడిగితే ఇస్తారా? డిసేబిలిటీ ఆఫీసులో (వైకల్యం, జబ్బు ఉన్న విద్యార్థులకు వెసులుబాట్లు చూసే కాలేజీ విభాగంలో) పేరు నమోదు చేయించమని తెలిసినవాళ్లు చెప్పారు. ఆ ముద్ర పడితే రేపు వీసాకో, ఉద్యోగానికో, పెళ్లికో అడ్డొస్తుందేమోనని మావారి భయం. బీటెక్ ఇక్కడే చేయించి ఎంఎస్‌కి పంపిద్దాం అంటున్నారాయన. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీవారి భయం సంగతి తేల్చుకుందాం. అది తేలితే తక్కినవి దారిలో పడతాయి.

డిసేబిలిటీ ఆఫీసులో పేరు నమోదు చేయించండి. అక్కడి రికార్డు విడిగా, గోప్యంగా ఉంటుంది. మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ మీద గానీ డిగ్రీ పట్టా మీద గానీ దాని జాడ కనిపించదు, ఉద్యోగం ఇచ్చే కంపెనీకీ వెళ్లదు. సీటు ఎలాగూ వచ్చేసింది కాబట్టి అడ్మిషన్ గురించి బెంగ లేదు. సీలియాక్ అంటువ్యాధి కాదు, కాలేజీ ఆఫీసులో ఉన్న ఈ కాగితానికీ వీసాకీ సంబంధం లేదు. ఇక పెళ్లి మాటంటారా, చపాతీ తినని అమ్మాయి అన్న సంగతి ఏ ఆఫీసూ చెప్పకుండానే పెళ్లిచూపుల రోజే తెలిసిపోతుంది. అందులో దాచాల్సిందీ లేదు.

నమోదు చేయించుకుంటే ఏం ఒరుగుతుందంటారా? అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం 1990లో వచ్చింది. 2008లో దాన్ని సవరించి, జీర్ణవ్యవస్థ లాంటి శరీర వ్యవస్థల పనితీరును గణనీయంగా దెబ్బతీసే జబ్బులు కూడా దాని కిందికి వస్తాయని స్పష్టం చేశారు. కాలేజీ మీల్ ప్లాన్ల విషయంలో అసలు మలుపు 2012 డిసెంబరులో వచ్చింది. మసాచుసెట్స్‌లోని లెస్లీ యూనివర్సిటీలో సీలియాక్, ఫుడ్ అలర్జీలు ఉన్న విద్యార్థులు తినలేని భోజనానికి కూడా డబ్బు కట్టాల్సి వచ్చేది. ఫిర్యాదు న్యాయశాఖ దాకా వెళ్లింది. చివరికి యూనివర్సిటీ ఒప్పందానికి వచ్చి, గ్లూటెన్ లేని వేడి భోజనం ఎప్పుడూ అందుబాటులో ఉంచడానికి, ముందుగా ఆర్డర్ ఇచ్చుకునే వీలు కల్పించడానికి, ఇలాంటి పిల్లల తిండి వండుకోవడానికి, దాచుకోవడానికి వేరే చోటు ఇవ్వడానికి ఒప్పుకుంది. బాధిత విద్యార్థులకు 50,000 డాలర్ల పరిహారం కూడా ఇచ్చింది. అప్పటి నుంచి అక్కడి కాలేజీలు ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోవడం తగ్గింది.

అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. సీలియాక్ అని కాగితం చూపిస్తే మీల్ ప్లాన్ రద్దు చేసి తీరాలని చట్టంలో లేదు. సురక్షితమైన భోజనం పెట్టగలిగితే కాలేజీ ఆ దారి ఎంచుకోవచ్చు. పెట్టలేకపోతే అప్పుడు మినహాయింపు, లేదా తక్కువ భోజనాల ప్లాన్, లేదా కిచెన్ ఉన్న గది. అందుకే మొదటి ఈమెయిల్‌లోనే "డబ్బు కట్టం" అని రాయకండి. "మా అమ్మాయి భద్రంగా ఎలా తినగలదో చెప్పండి" అని అడగండి. వాళ్ల జవాబు డొల్లగా ఉంటే, మినహాయింపు అడగడానికి ఆ జవాబే మీకు ఆధారం అవుతుంది.

"మా అమ్మాయి" అని రాశాను గానీ, నిజానికి ఆ ఈమెయిల్ మీరు రాయకూడదు, తనే రాయాలి. అమెరికాలో కాలేజీలో చేరాక పిల్లల రికార్డుల మీద హక్కు పిల్లలదే, వయసు పదిహేడైనా సరే. మీరు ఎన్ని ఈమెయిళ్లు రాసినా "విద్యార్థితోనే మాట్లాడతాం" అనే జవాబే వస్తుంది. మనవాళ్లు చాలామంది దీన్ని అవమానంగా తీసుకుంటారు. అది అక్కడి పద్ధతి, అంతే. ఇప్పటి నుంచే తనతో రాయించండి, పక్కన కూర్చుని చూడండి. ఆగస్టులో ఒక్కతే డైటీషియన్ ముందు కూర్చున్నప్పుడు ఈ అలవాటు పనికొస్తుంది.

డాక్టర్ లెటర్ దగ్గర చాలామంది దెబ్బ తింటారు. మన దగ్గర ప్రిస్క్రిప్షన్ చీటీ మీద "గ్లూటెన్ ఫ్రీ డైట్" అని ఒక్క ముక్క రాసి ఇస్తారు. అది అక్కడ చెల్లదు. మీ గ్యాస్ట్రో డాక్టర్‌ని లెటర్‌హెడ్ మీద అర పేజీ రాయమని అడగండి. జబ్బు పేరు, ఎప్పుడు తేలింది, ఏ పరీక్షలతో తేలింది (టీటీజీ రక్త పరీక్ష, ఎండోస్కోపీలో బయాప్సీ), జీవితాంతం గ్లూటెన్ మానాల్సిందేనని, అదే గరిటె, అదే నూనె వాడితే అంటే అతి కొద్ది మొత్తం అంటినా పేగు దెబ్బతింటుందని రాయాలి. చివర్లో "అందువల్ల విడిగా వండిన భోజనం గానీ, సొంతంగా వండుకునే వీలు గానీ అవసరం" అన్న వాక్యం తప్పనిసరిగా ఉండాలి. జబ్బుకీ అడుగుతున్న వెసులుబాటుకీ ముడి వేసేది ఆ ఒక్క వాక్యమే. పాత రిపోర్టులు కూడా జాగ్రత్తగా స్కాన్ చేసి పెట్టుకోండి. గ్లూటెన్ మానేసి ఇన్నాళ్లయింది కాబట్టి ఇప్పుడు పరీక్ష చేస్తే మామూలుగా రావచ్చు. మొదట్లో తేలిన రిపోర్టు పోతే కొత్తగా రుజువు చేయడం పెద్ద తలనొప్పి.

ఇక కాలేజీల సంగతి. వెబ్‌సైట్‌లో "గ్లూటెన్ ఫ్రీ ఆప్షన్స్ ఉన్నాయి" అని చూసి మురిసిపోకండి. ఆ మాట అందరూ రాసుకుంటారు. డైనింగ్ హాల్‌లో ఏం జరుగుతుందో ఒకసారి ఊహించండి. గ్లూటెన్ లేని బ్రెడ్ విడిగా ఉంటుంది, కానీ టోస్టర్ ఒకటే. ఫ్రెంచ్ ఫ్రైస్‌లో ఉన్నది బంగాళదుంపే, కానీ చికెన్ నగ్గెట్స్ వేయించిన నూనెలోనే వేస్తారు. సలాడ్ బార్‌లో ముందున్న కుర్రాడు పాస్తా తీసిన పటకారుతోనే పక్కనున్న మొక్కజొన్నలు తీస్తాడు. సూప్ చిక్కబడటానికి మైదా, స్టిర్ ఫ్రైలో సోయా సాస్, సోయా సాస్‌లో గోధుమ. కాబట్టి డైటీషియన్‌ని అడగాల్సినవి ఇలా ఉండాలి: ఫ్రయ్యర్ విడిగా ఉందా? గ్లూటెన్ లేని పాస్తా ఏ నీళ్లలో ఉడికిస్తారు? వండేవాళ్లకు ట్రైనింగ్ ఎవరు ఇస్తారు? ఆదివారం రాత్రి, సెలవుల్లో ఆ కౌంటర్ తెరిచి ఉంటుందా? చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో కాలేజీ శ్రద్ధ ఎంతో బయటపడేది అక్కడే. సోమవారం నుంచి శుక్రవారం దాకా బాగా చూసుకుని, శనాదివారాలు పిల్లల్ని అరటిపండ్లకు వదిలేసే చోట్లున్నాయి.

బాగా చేసేవాళ్లూ ఉన్నారు. ఒహాయోలోని కెంట్ స్టేట్‌లో ప్రెంటిస్ కెఫే 2016లో పూర్తిగా గ్లూటెన్ లేనిదిగా మారింది. కోర్నెల్‌లో రిస్లీ డైనింగ్ హాల్‌లో గ్లూటెన్, వేరుశనగ, ఇతర నట్స్ లేకుండా వండుతారు. మిషిగన్ స్టేట్‌లో థ్రైవ్ అనే డైనింగ్ హాల్‌ని ప్రధాన అలర్జీ పదార్థాలు, గ్లూటెన్ లేకుండా నడుపుతున్నారు. మీ మూడు కాలేజీల్లో ఇలాంటివి ఉంటే మీల్ ప్లాన్ కట్టడమే మేలు, మినహాయింపు జోలికి పోకండి. మొదటి సెమిస్టర్‌లో స్నేహాలు కుదిరేది ఆ బల్లల దగ్గరే. పిల్ల గదిలో ఒక్కతే కుక్కర్ పెట్టుకుని తినడం మీకు ఊరటగా ఉండొచ్చు, తనకు ఉండకపోవచ్చు. కుక్కర్ అన్నాను కదా, చాలా డార్మ్‌లలో ఫైర్ సేఫ్టీ పేరుతో ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ కూడా నిషేధం. అది కావాలన్నా, గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్ కావాలన్నా డిసేబిలిటీ ఆఫీసు ద్వారానే అడగాలి. కిచెన్ ఉన్న గది అడిగేందుకు గడువు వేరుగా ఉంటుంది, అది ముందే అయిపోయే చోట్లున్నాయి. ఈ వారమే చూసుకోండి.

మూడు కాలేజీలకూ ఒకే రోజు, అటు డిసేబిలిటీ ఆఫీసుకీ ఇటు డైనింగ్ డైటీషియన్‌కీ మీ అమ్మాయి చేత రాయించండి. పైన చెప్పిన ప్రశ్నలు, డాక్టర్ లెటర్, "డిపాజిట్ కట్టేలోగా ఒక వీడియో కాల్ ఇవ్వగలరా" అన్న మాట, ఇంత చాలు. ఫ్రయ్యర్ గురించి అడిగితే ఫ్రయ్యర్ గురించే జవాబిచ్చిన కాలేజీకి నా ఓటు. మూడు ఫార్వర్డ్‌లు తిరిగి బ్రోషర్ లింక్ వచ్చిందంటే దాని ర్యాంకు ఎంతున్నా రెండుసార్లు ఆలోచించండి. కంప్యూటర్ సైన్స్ ర్యాంకింగ్‌లో పది స్థానాల తేడా నాలుగేళ్ల తర్వాత పెద్దగా కనిపించదు. నెలకు రెండుసార్లు కడుపునొప్పితో క్లాసులు పోగొట్టుకుంటే మాత్రం జీపీఏలో కనిపిస్తుంది. ఏ వెసులుబాటు ఇచ్చినా ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో చెప్పినవాళ్లు ఆగస్టుకల్లా వేరే ఉద్యోగానికి వెళ్లిపోయి ఉండొచ్చు.

ఇక బీటెక్ ఇక్కడ, ఎంఎస్ అక్కడ అన్న మీవారి ఆలోచన. కొట్టిపారేయదగ్గది కాదు. ఎంఎస్ పిల్లలకు సాధారణంగా మీల్ ప్లాన్ తప్పనిసరి ఉండదు, అపార్ట్‌మెంట్ తీసుకుని వండుకుంటారు. కానీ నలుగురు కలిసి ఉండే ఇంట్లో ఒకే పెనం మీద చపాతీ, దోసె రెండూ పడతాయి, ఆ గొడవ అప్పుడూ ఉంటుంది. ఇక్కడి హాస్టళ్లలో అన్నం, పప్పు, పెరుగు దొరుకుతాయి కాబట్టి కొంత నయమే. కాకపోతే పొద్దున్నే ఉప్మా, పూరీ, సాంబారులో గోధుమ పిండి కలిసిన ఇంగువ. పైగా చాలా హాస్టళ్లలో మెస్ ఫీజు ఇక్కడా తప్పనిసరే, మన 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సీలియాక్ లేదు. వార్డెన్ మంచివాడైతే సరే, కాకపోతే పట్టుకోవడానికి చట్టం లేదు. హైదరాబాద్‌లోనే సీటు వచ్చి ఇంటి నుంచి వెళ్లొచ్చే పనైతే మీవారి మాట బలమైనదే. వేరే ఊరి హాస్టల్ అయితే తిండి కోసం అమెరికా మానుకోవడంలో అర్థం లేదు. ఖర్చు కారణమైతే అది వేరే లెక్క, అది తిండి లెక్కలో కలపకుండా విడిగా కూర్చుని తేల్చుకోండి.

సూట్‌కేసులో బియ్యం పెట్టకండి. ఒక రకం పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికులు బియ్యం, శనగలు తీసుకెళ్లడాన్ని అమెరికా నిషేధించింది. బియ్యం అక్కడ ఎలాగూ దొరుకుతుంది. అక్కడి ప్యాకెట్ల మీద "గ్లూటెన్ ఫ్రీ" అని ఉంటే గ్లూటెన్ 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) కంటే తక్కువ ఉన్నట్టు, అది నమ్మవచ్చు. ఆ మాట లేకుండా "గోధుమ లేదు" అని మాత్రమే ఉంటే బార్లీ ఉండొచ్చు, పదార్థాల జాబితా చదవాలి. ఇంకో చిన్న హెచ్చరిక: అక్కడి మనవాళ్ల ఉగాది భోజనాల్లో పులిహోర చూసి, అన్నమే కదా అని వడ్డించుకుంటుంది. ఇంగువ ఏదో అడిగాకే తినమనండి.

వెళ్లే ముందు జులైలో టీటీజీ పరీక్ష చేయించండి. డిసెంబరు సెలవులకు ఇంటికి వస్తే ఇంకోసారి చేయించండి, రాకపోతే అక్కడి స్టూడెంట్ హెల్త్ సెంటర్‌లో చేయించుకోమనండి. మామూలుగా ఉన్నంత మాత్రాన అంతా బాగుందని గ్యారంటీ లేదు. పెరిగిందంటే మాత్రం గ్లూటెన్ ఎక్కడో లోపలికి వెళ్తున్నట్టే. ఆ రిపోర్టుతో, ఒంట్లో బాగాలేని రోజు ఏం తిన్నదో రాసుకున్న ఈమెయిళ్లతో జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ సెమిస్టర్‌కి మీల్ ప్లాన్ మినహాయింపు మళ్లీ అడగవచ్చు. అప్పుడూ కాదంటే కాలేజీలోనే ఫిర్యాదు విభాగం ఉంటుంది, ఆపైన ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల ఆఫీసుకి 180 రోజుల్లోగా రాయవచ్చు.