బెస్సెమర్ ఉక్కు 1856లో గెలిచిందా, ఓడిందా?

ఇంగ్లండ్ ఆవిష్కర్త హెన్రీ బెస్సెమర్ ఉక్కు తయారీ పద్ధతి 1856లో విజయమని ఒక పుస్తకం, విఫలమని ఇంకోటి అంటున్నాయని అడిగారు కదా. టెన్షన్ పడకండి, రెండూ నిజమే. కరిగిన ఇనుములోకి గాలి ఊది మలినాలను మండించే పద్ధతిని ఆ ఆగస్టులో ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో జరిగిన శాస్త్రవేత్తల సభలో ప్రకటించాడు. ఆయన వాడిన ఇనుములో ఫాస్ఫరస్ అనే మలినం తక్కువ, అందుకే ఆయనకు పద్ధతి పనిచేసింది. ఈ పద్ధతి వాడుకోడానికి లైసెన్సు కొన్నవాళ్ల ఇనుములో అది ఎక్కువ, అందుకే వాళ్ల ఉక్కు పెళుసుగా తయారైంది. కారణం పట్టుకున్నాక 1858లో షెఫీల్డ్‌లో సొంత కర్మాగారమే పెట్టాడు.

మీ ప్రాజెక్టులో బ్రిటిష్ లోహ నిపుణుడు రాబర్ట్ ముషెట్ పేరు తప్పకుండా రాయండి. మాంగనీసు అనే లోహం కలిపితే బెస్సెమర్ ఉక్కు బాగుపడుతుందని చూపించింది ఆయనే. ఫీజు కట్టకపోవడంతో ఆయన పేటెంటు పోయింది, పాపం. తర్వాత బెస్సెమర్ ఆయనకు ఏటా 300 పౌండ్లు ఇచ్చాడు. ఫాస్ఫరస్ చిక్కు మాత్రం 1870ల చివర్లో థామస్, గిల్‌క్రిస్ట్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకుల వల్లే తీరింది.